కాపలా చెట్టు మీద సింగారి జపం

అనగనగా ఒక అడవిలో, రెండు కొండలు దగ్గరగా జరిగి మధ్యలో ఒక వాగుకి మాత్రం దారి వదిలిన చోట, ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. చెట్టు మీద కొండముచ్చులు కాపురం ఉండేవి. చెట్టు కింద చుక్కల దుప్పులు మేసేవి.

వాళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉంది. ఎప్పటిదో ఎవరికీ తెలియదు. కొండముచ్చులకి తిండి దగ్గర పొదుపు తెలియదు కదా, లేత ఆకులు సగం తిని సగం కింద పడేస్తాయి. పడినవి దుప్పులు తినాలి. దుప్పుల ముక్కు మంచిది. పొదలో నక్కిన పులి వాసన వాటికి ముందు తెలుస్తుంది. కొండముచ్చుల కన్ను మంచిది. దూరంగా కదిలే పులి వాటికి ముందు కనిపిస్తుంది. ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళు కేక పెట్టాలి. అది విని రెండోవాళ్ళు కూడా ప్రాణం దక్కించుకోవాలి. అంతే ఒప్పందం.

చెట్టు కొసన కూర్చుని కాపలా కాసే పని ఆ ఏడాది సింగారి అనే కొండముచ్చుకి వచ్చింది.

సింగారి మంచిది. కల్లాకపటం తెలియనిది. కానీ దాని మనసు ఒక చోట నిలిచేది కాదు. కాపలాకి కూర్చుని వాగు వైపు చూసేది. వాగు చూడగానే ఒడ్డున ఉన్న నేరేడు చెట్టు గుర్తొచ్చేది. నేరేడు చెట్టు గుర్తురాగానే, నిన్న పెద్ద గుత్తి వదిన లాక్కుపోయిన సంగతి గుర్తొచ్చేది. ఇక అక్కడినుంచి వదినని ఏమనాలి, వదిన తిరిగి ఏమంటుంది, దానికి తనేమనాలి అని ఒక పెద్ద దెబ్బలాట లోపల నడిచేది. కళ్ళు తెరిచే ఉండేవి, చూపు మాత్రం ఉండేది కాదు. పుస్తకం ముందు పెట్టుకుని మీరు కూర్చుంటారే, అచ్చం అలాగే. నవ్వకండి, నేను చూస్తూనే ఉంటాను.

ఒక రోజు సింగారి అలా మనసులో వదినతో పోట్లాడుతూ ఉండగా చిరుతపులి వచ్చింది. సింగారి చూడలేదు. దుప్పులకి వాసన తగిలేసరికి చిరుత దగ్గరికి వచ్చేసింది. అందరూ చెల్లాచెదురుగా పరుగెత్తారు. ఒక దుప్పికి తొడ మీద పంజా దెబ్బ తగిలి చర్మం చీలిపోయింది. ప్రాణం పోలేదు, అదే గొప్ప.

దుప్పుల మందకి కొమ్ములయ్య పెద్ద. చెట్టంత కొమ్ములు, ముక్కు మీద కోపం. ఆయన చెట్టు కిందికి వచ్చి తల ఎత్తాడు.

"సింగారీ, నీ కాపలా ఇలా ఉంటే మాకు ఈ చెట్టెందుకు?" అన్నాడు. "ఇంకొకసారి ఇలా జరిగిందంటే మా మంద వాగు దాటి అవతలి గట్టుకి వెళ్ళిపోతుంది. అక్కడ వేరే కొండముచ్చులున్నాయి."

మాట అనేసి వెళ్ళిపోయాడు. ఆయన వెనకాల చెంగల్వ నిలబడి ఉంది. చెంగల్వ ఆడదుప్పి, చిన్నప్పటినుంచీ సింగారికి నేస్తం. ఈ మధ్యనే తొలకరికి దానికి బిడ్డ పుట్టింది. పేరు పొన్ని. కాళ్ళు పుల్లల్లా ఉంటాయి. నాలుగడుగులు వేస్తే కూలబడుతుంది.

"అక్కా, మంద అవతలి గట్టుకి పోతే నా గతేమిటి?" అంది చెంగల్వ. "వాగు నిండుగా పారుతోంది. పొన్ని దాటలేదు. దాన్ని వదిలి నేను వెళ్ళలేను. మంద లేకుండా ఇక్కడ ఒంటరిగా బతకలేను."

సింగారికి ఏడుపొచ్చింది. కిందికి దిగి చెంగల్వ మెడ నిమిరింది. "నేను చూసుకుంటానే," అంది. కానీ ఎలా చూసుకుంటుందో దానికే తెలియదు. తెల్లవారగానే కొమ్మ మీదినుంచి కొమ్మ మీదికి దూకుతూ గుబురు తాత దగ్గరికి బయలుదేరింది.

గుబురు తాత ఒక ముసలి ఎలుగుబంటి. ఒళ్ళంతా గుబురు జుట్టు, అందుకే ఆ పేరు. కొండ చరియలో ఒక గుహలో ఉంటాడు. ఆయన పిల్లగా ఉన్నప్పుడు ఆ గుహలో ఒక సాధువు ఉండేవాడట. తన పండులో సగం పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, ఒక మంత్రం కూడా ఇచ్చాడట. అప్పటినుంచీ తాత ఏ పని చేస్తున్నా లోపల ఒక సన్నటి మోత వినిపిస్తుంది. తేనెటీగల గూడు దగ్గర చెవి పెడితే వినిపించేలాంటి మోత.

"తాతా, నాకూ మంత్రం కావాలి," అంది సింగారి.

"దేనికమ్మా?"

"నా మనసు నిలవడం లేదు. కాపలాలో కూర్చుంటే నేరేడు పళ్ళ దగ్గరికి పోతోంది, వదిన దగ్గరికి పోతోంది. ఇంకొకసారి పొరపాటు చేశానంటే పొన్ని బతకదు."

తాతకి ఆ మాట నచ్చింది. తిండి కోసమో పేరు కోసమో అడగలేదు, ఇంకొకరి బిడ్డ కోసం అడిగింది. "అయితే స్నానం చేసి రా," అన్నాడు.

కొండముచ్చుకి నీళ్ళంటే ఎంత భయమో మీకు తెలుసా? సింగారి ఊట దగ్గరికి వెళ్ళింది, ఒక కాలు పెట్టింది, తీసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. చివరికి కళ్ళు మూసుకుని ఒక్క మునక మునిగి, ఒళ్ళంతా అంటుకుపోయి సగానికి సగమై తిరిగి వచ్చింది. తాత నవ్వు ఆపుకుని దాన్ని తూర్పుముఖంగా కూర్చోబెట్టాడు. చెవి దగ్గర నోరు పెట్టి, "ఓం నమశ్శివాయ" అన్నాడు.

"అంటే ఏమిటి తాతా?"

"శివుడికి నమస్కారం అని. శివమంటే మంచి, మంగళం. ప్రతి ప్రాణిలోనూ అది ఉంటుంది. దానికి మొక్కుతున్నానని మనసుకి మళ్ళీ మళ్ళీ చెప్పుకోవడం. దాన్నే జపం అంటారు. మొదట పైకి అను. అలవాటయ్యాక పెదవుల్లోనే అను. ఆ తరవాత పెదవులు కూడా కదపక్కర్లేదు, అదే లోపల నడుస్తుంది. తొందరపడకు."

"మరి మంత్రం అని ఎందుకంటారు?"

"మననం చేసినవాళ్ళని కాపాడుతుంది కాబట్టి."

సింగారి మొహం వెలిగిపోయింది. కాపాడుతుందట. ఇంకేం కావాలి? మంత్రం కాపాడుతూ ఉంటే తను జపం సంగతి చూసుకుంటే సరిపోతుంది. దారి పొడుగునా ఇదే అనుకుంటూ వెళ్ళింది. అక్కడే వచ్చింది చిక్కు.

మర్నాడు పొద్దున్నే సింగారి చెట్టు కొసన కూర్చుంది. కళ్ళు మూసుకుంది. తల వెనక్కి వాల్చి, గొంతెత్తి, "ఓం నమశ్శివాయ, ఓం నమశ్శివాయ" అని మొదలుపెట్టింది. దాని గొంతు ఎలాంటిదనుకున్నారు? ఎండిన కొమ్మ ఇంకో కొమ్మకి రాసుకున్నట్టు ఉంటుంది. పిట్టలు ఎగిరిపోయాయి. కింద దుప్పులు చెవులు అటూ ఇటూ తిప్పుకుని, ఏం వినాలో తెలియక, తల దించి మేత మీద పడ్డాయి. భక్తితో చేస్తోంది కదా, ఏమంటారు?

ఆ మోతలో, వాగు దగ్గర పొదల్లో మిగిలిన పిట్టలు పెట్టిన గోల ఎవరికీ వినిపించలేదు. రేచుకుక్కల గుంపు వచ్చింది. ఒక నెమలి అదిరిపడి దుప్పుల ముఖాల మీదినుంచే ఎగిరింది కాబట్టి సరిపోయింది. మంద అంతా దౌడు తీసింది. పొన్ని పరుగెత్తలేక గడ్డిలో అతుక్కుపోయి పడుకుంది. ఒక కుక్క దాన్ని దాదాపు తొక్కుతూ పక్కనుంచి పోయింది. అంత చిన్న పిల్లలకి ఒంటి వాసన ఉండదు, అందుకని బతికింది.

పైన సింగారి ఇంకా జపం చేస్తూనే ఉంది. గొంతు బొంగురుపోయాక కళ్ళు తెరిచి కిందికి చూసింది. ఒక్క దుప్పి లేదు. గడ్డి మధ్యలో చెంగల్వ మాత్రం బిడ్డని నాకుతూ నిలబడి వణుకుతోంది.

సింగారి పరుగు పరుగున తాత దగ్గరికి పోయింది. "తాతా, మంత్రం కాపాడలేదు," అంది.

తాత జరిగింది విన్నాడు. "పైకి అనమన్నాను గానీ అడవికంతా చెప్పమన్నానా తల్లీ?" అన్నాడు. "నీ గొంతు నీకు తప్ప ఇంకేమీ వినపడకుండా చేసుకున్నావు. గొంతు తగ్గించు. పెదవుల్లో అను. చెవులు పనిచేయనీ."

"సరే తాతా," అంది సింగారి. చెవుల సంగతి బాగానే గుర్తుపెట్టుకుంది. కళ్ళ సంగతి తాత చెప్పలేదని కూడా గుర్తుపెట్టుకుంది. చెదిరిన మంద సాయంత్రానికి చెట్టు కిందికి తిరిగొచ్చింది, భక్తిలో జరిగిన పొరపాటు కదా అని కొమ్ములయ్య ఆ ఒక్కసారికి ఊరుకున్నాడు.

దారిలో ఒక మడుగు ఉంది. అందులో తామర కాయలు ఎండి ఉన్నాయి. సింగారి గింజలు రాల్చుకుని, పంటితో తొలిచి, సన్నటి తీగకి గుచ్చి మాల చేసుకుంది. మాల మెడలో వేసుకుని చెట్టెక్కిందో లేదో మిగతా కొండముచ్చులన్నీ చుట్టూ చేరాయి. మాల తిప్పుతూ, పెదవులు కదుపుతూ, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న సింగారిని చూసి వాటికి గౌరవం పుట్టుకొచ్చింది. ఏమే, ఒసే అన్నవాళ్ళు "సింగారమ్మగారు" అనడం మొదలుపెట్టారు. ఎవరో ఒకరు పండు తెచ్చి ముందు పెట్టేవారు. ఒకనాడు వదిన స్వయంగా పెద్ద నేరేడు గుత్తి తెచ్చి, కాళ్ళకి దండం పెట్టి వెళ్ళింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు సింగారికి జపం మహా రుచిగా ఉంది.

పొరుగు చెట్టు మీద ఇంకొక కొండముచ్చు కూడా మాల కట్టుకుందని కబురొచ్చింది. ఇక చూడండి. అది తన కంటే ఎక్కువ తిప్పేస్తుందేమోనని సింగారి గింజల మీదినుంచి చూపు తీయడం మానేసింది. వేలు ఒక గింజ మీద ఉండగానే కన్ను పక్క గింజ మీద ఉండేది. ఆకులు కోయడానికి చేతులు ఖాళీ లేవు. ఆకులు కోయకపోతే కింద ఏం పడతాయి?

చెంగల్వ చెట్టు కిందికి వచ్చింది. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. "అక్కా, నాలుగు లేత ఆకులు రాల్చవే," అంది. "నాకు పాలు పడటం లేదు. పొన్ని ఆకలికి ఏడుస్తోంది."

సింగారి చెయ్యి మాల మీద ఆగింది. ఒక్క కొమ్మ విదిలిస్తే అయిపోయే పని. కానీ లెక్క తప్పుతుంది. పొరుగు చెట్టుది ముందుకి పోతుంది. "జపంలో ఉన్నానే. పలకరించకు," అని, మళ్ళీ గింజల మీదికి చూపు దించుకుంది.

చెంగల్వ మేత వెతుక్కోవడానికి దూరంగా రాళ్ళ వైపు వెళ్ళింది. పొన్నిని చెట్టు మొదట్లో పడుకోబెట్టి వెళ్ళింది, పైన నేస్తం ఉందన్న ధైర్యంతో.

ఆ నేస్తం తల దించుకునే ఉంది. అయినా కింద గడ్డిలోనుంచి కొండచిలువ రావడం చూడలేదు. చూపంతా ఒళ్ళో ఉన్న మాల మీదే కదా. కొండచిలువకి తొందరేమీ లేదు. మెల్లగా వచ్చి పొన్ని వెనక కాళ్ళకి ఒక చుట్టు చుట్టింది. పిల్ల కీచుమంది. ఆ కీచుకి చెంగల్వ రాళ్ళ దగ్గరినుంచి ఎలా వచ్చిందో తెలియదు, వచ్చిపడింది. గిట్టలతో ఆ పాము తల మీద దబదబ తొక్కింది. వెనకాలే కొమ్ములయ్య వచ్చి కొమ్ములు దించాడు. కొండచిలువ పట్టు వదిలి జారుకుంది. పొన్ని బతికింది గానీ ఒక కాలు నేల మీద ఆనించలేకపోయింది.

కొమ్ములయ్య ఈసారి అరవలేదు. "రేపు పొద్దున్న మంద వాగు దాటుతుంది," అన్నాడు. అంతే అన్నాడు.

చెంగల్వ తలెత్తి సింగారి వైపు చూసింది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "నీ జపం బాగా సాగనీ అక్కా," అని బిడ్డ దగ్గర కూర్చుండిపోయింది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, చెంగల్వకి ఎత్తిపొడవడం రాదు. అందుకే సింగారికి గుండె తరుక్కుపోయింది. మాల తెంపి పారేసింది. గింజలు కొమ్మల మధ్యనుంచి జలజలా రాలిపోయాయి.

సాయంత్రానికి గుహ దగ్గరికి చేరింది. తాత ఒక పుట్ట తవ్వుతున్నాడు. మట్టి పెళ్ళగించి, మూతి లోపలికి పెట్టి, చెదలు పీల్చుకుంటున్నాడు. లోపల ఆ సన్నటి మోత సాగుతూనే ఉంది. సింగారి పిలవబోయి ఆగింది. అంతలోనే తాత తల తిప్పకుండా, "ఎడం పక్క రాయి మీద తేలుంది, చూసి కూర్చో తల్లీ," అన్నాడు.

సింగారి చూసింది. నిజంగానే తేలుంది. తాత పుట్ట తవ్వుతున్నాడు, జపం చేస్తున్నాడు, వెనకాల వచ్చిన పిల్ల ఎక్కడ కూర్చోబోతోందో కూడా చూస్తున్నాడు.

"నువ్వు కళ్ళు మూసుకోవా తాతా?" అంది.

"పొద్దున్న కాసేపు మూసుకుంటాను. పనిలో మూసుకుంటే తేలు కుడుతుంది," అన్నాడు తాత.

అప్పుడు సింగారి అంతా చెప్పింది. మాల సంగతి, పళ్ళ సంగతి, వదిన దండం సంగతి, ఆకులు రాల్చని సంగతి. ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. తాత మట్టిచెయ్యి దులుపుకుని దాని వీపు మీద వేశాడు. ఆ చెయ్యి ఎంత బరువో అంత వెచ్చగా ఉంది.

"మాల తప్పు కాదమ్మా. మాల పట్టుకున్న పెద్దవాళ్ళు ఎందరో తరించారు. నువ్వు మనసుని శివుడి దగ్గర పెట్టకుండా గింజ దగ్గర పెట్టావు. ఇదివరకు నేరేడు పళ్ళ దగ్గర ఉండేది, ఇప్పుడు తామర గింజల దగ్గరికి వచ్చింది. పెద్ద తేడా ఏముంది?"

"మంత్రం కాపాడుతుందన్నావుగా తాతా. నేను కాపలా దానికి అప్పజెప్పాను."

తాతకి నవ్వు వచ్చింది, జాలీ వేసింది. "పిచ్చితల్లీ, మంత్రం నీ బదులు చెట్టెక్కి కూర్చోదు. అది కాపాడేది నీ మనసుని. మనసు చక్కగా ఉంటే మిగిలినవాళ్ళని నువ్వే కాపాడతావు. చూడు, మనసు ఎటో పోతుంది. పోవడం దాని స్వభావం, అందులోనూ నీది కొండముచ్చు మనసాయె. పోయిందని తెలియగానే మంత్రం అనుకో. తప్పిపోయిన పిల్లని కొట్టకుండా తిట్టకుండా వేలు పట్టుకుని ఇంటికి తెచ్చుకుంటామే, అలా తెచ్చుకో. మళ్ళీ పోతుంది. మళ్ళీ తెచ్చుకో. ఎన్నిసార్లు పోయిందని లెక్క వద్దు."

"ఇంటికి తెచ్చుకోవడమంటే ఎక్కడికి తాతా?"

"నువ్వు కాపలాలో ఉంటే కాపలాకి. ఆకులు కోస్తుంటే ఆకులకి. చెంగల్వ పిలిస్తే చెంగల్వకి. ప్రతి ప్రాణిలోనూ ఉన్న మంచికి మొక్కుతున్నానని అంటున్నావు కదా. ఆ ప్రాణి చెట్టు కింద ఆకలితో నిలబడితే పలకరించకు అన్నావు. మరి ఎవరికి మొక్కావు?"

సింగారి తల దించుకుంది. ముసురు పట్టడంతో ఆ రాత్రి గుహలోనే ఉండిపోయింది.

తెల్లవారింది. వాన వెలిసింది గానీ వాగు ఎర్రగా, నిండుగా పారుతోంది. దాటడానికి వీలున్నది ఒక్కటే చోటు. అక్కడ నీళ్ళ కింద బండ ఉంది. అవతలి గట్టున రెల్లుపొద మనిషెత్తున పెరిగి ఉంది. కొమ్ములయ్య మందని ఆ రేవు దగ్గరికి తీసుకొచ్చాడు. అందరికంటే వెనకాల చెంగల్వ, కుంటుతున్న బిడ్డని తోసుకుంటూ వస్తోంది. మందని వదలలేక దాటడానికే సిద్ధపడింది.

రేవు మీదికి వంగిన ఒక చెట్టు ఉంది. సింగారి దాని మీదికెక్కి కూర్చుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు కూడా. అయినా చివరిసారి కాపలా కాద్దామనుకుంది. కళ్ళు తెరుచుకుని, పెదవులు కదపకుండా, లోపల మంత్రం అనుకుంది. మనసు వదిన దగ్గరికి పోయింది. ఓం నమశ్శివాయ. వెనక్కి తెచ్చుకుని వాగు చూసింది. మనసు తెగిన మాల దగ్గరికి పోయి సిగ్గుపడింది. ఓం నమశ్శివాయ. తెచ్చుకుని గట్టు చూసింది. అలా పోతూ, తెచ్చుకుంటూ, చూస్తూ ఉండగా అవతలి గట్టున రెల్లు కదిలింది.

గాలికి రెల్లు అంతా కుడిపక్కకి వాలుతోంది. ఒక్క చోట మాత్రం ఎడమపక్కకి వాలింది. సింగారి కళ్ళార్పకుండా చూసింది. ఆకుల మధ్య పసుపుపచ్చని చార, పక్కన నల్లని చార. పెద్దపులి. గాలి ఇవతలినుంచి అవతలికి వీస్తోంది కాబట్టి దుప్పులకి వాసన రావడం లేదు.

సింగారి గట్టిగా కేక పెట్టింది. మందంతా ఆగింది. కొమ్ములయ్య మాత్రం తల ఎత్తి చూసి, "మనం వెళ్ళడం ఇష్టం లేక అరుస్తోంది. కాపలా ఉన్నన్నాళ్ళూ రాని కేక ఇవాళ వచ్చిందా?" అన్నాడు. నీళ్ళలోకి దిగాడు.

సింగారి మళ్ళీ అరిచింది. రెల్లు వైపు చెయ్యి చూపించింది. ఎవరూ నమ్మలేదు. కొమ్ములయ్య వెనకాల ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగుతున్నాయి. పొన్ని ఒక కాలు నీళ్ళలో పెట్టి, చలికి తీసి, తల్లి వైపు చూసింది.

కొండముచ్చు కేక వేసేది కొమ్మ కొసన కూర్చుని. అంతకంటే చేయమని ఏ ఒప్పందంలోనూ లేదు. నా మాట వినలేదు, నేనేం చేయను అని ఊరుకుంటే తప్పుపట్టేవాళ్ళు లేరు. సింగారి ఊరుకోలేదు. కొమ్మ కొసకి పరుగెత్తి, వాగు మీదుగా అవతలి గట్టు చెట్టు మీదికి దూకింది. అక్కడినుంచి పులికి సరిగ్గా పైన ఉన్న ఎండుకొమ్మ మీదికి దూకింది. కింద పెద్దపులి ఉంది. అయినా పై కొమ్మని పట్టుకుని, కాళ్ళు రెండూ పెట్టి ఎండుకొమ్మని ఊపి ఊపి విరిచింది.

కొమ్మ ఫెళ్ళుమని పులి వీపు మీద పడింది. పులి గర్జించి రెల్లులోనుంచి పైకి లేచింది. వేలాడుతున్న సింగారి మీదికి ఎగిరి పంజా విసిరింది. సింగారి పైకి లాగేసుకుంది గానీ తోక అందరికంటే పొడుగాయె. కొసన జానెడు తోక పులి గోళ్ళకి తెగిపోయింది.

అంతవరకే పులికి దొరికింది. దుప్పులన్నీ పులిని చూశాయి. ఒక్క ఉదుటున వెనక్కి తిరిగి గట్టెక్కాయి. చెంగల్వ పొన్నిని మూతితో ఎత్తి ఎత్తి తోసుకుంటూ అడవిలోకి పరుగెత్తింది. ఎదురు లేకుండా దొరుకుతుందనుకున్న వేట చేజారిపోయి, పులి కాసేపు గుర్రుమని, కొండ వైపు వెళ్ళిపోయింది.

ఎండ వచ్చాక కొమ్ములయ్య మద్దిచెట్టు కిందికి వచ్చాడు. అంత పెద్ద కొమ్ములూ నేలకి ఆనేలా తల వంచాడు. "అమ్మా సింగారీ, నిన్ను నమ్మలేదు. నీ తోక నా మూలంగా పోయింది," అన్నాడు.

"నమ్మకపోవడానికి కారణం నేనే పెదనాన్నా," అంది సింగారి. "మీరు వెళ్ళకండి. అంతే చాలు."

మంద వెళ్ళలేదు.

గుబురు తాత ఏవో ఆకులు నమిలి తెచ్చి సింగారి తోకకి కట్టు కట్టాడు. మంటకి సింగారి మొహం వంకరలు పెట్టింది. తరవాత మెల్లగా అంది.

"తాతా, ఒక తప్పు జరిగింది. పులి పైన కొమ్మ విరిచేటప్పుడు మంత్రం అనుకోలేదు. పూర్తిగా మరిచిపోయాను. పొన్ని నీళ్ళలో కాలు పెట్టడం ఒక్కటే కనపడింది. ఇంకేమీ గుర్తు లేదు."

తాత కట్టు కట్టడం ఆపాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వూ లేవు, వదినా లేదు, పులి కూడా లేదు. ఒక చిన్న ప్రాణి ఒక్కటే ఉంది నీ మనసులో. అవునా?"

"అవును తాతా."

"ఇన్నేళ్ళుగా జపం చేస్తున్నాను. నాకు అలాంటి ఘడియ రెండో మూడో వచ్చి ఉంటాయి," అన్నాడు తాత. "తప్పు జరగలేదు తల్లీ. ఆ ఒక్క క్షణం నువ్వు చేసిందే జపం."

ఇదీ సింగారి సంగతి. ఇక లేవండి, చేతులు కడుక్కుని అన్నాలకి రండి. తినేటప్పుడు కంచం వైపు చూడండి.

నీతి: మంత్రం మన పనిని మన బదులు చేయదు. చెదిరిన మనసుని ఓపికగా వెనక్కి తెచ్చి, మన ఎదుట ఉన్న పని మీదా మనల్ని నమ్ముకున్న ప్రాణి మీదా నిలపడమే జపం.